మెట్టును బట్టి పాటను వెదకుట

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున గాన బృందముల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటములో మాకు అప్పగించిన అంశము పాటలను భద్రపరచుట. భద్రపరచుట అనగానే బీరువా, దాని తాళపు చెవి మన మనస్సునకు వచ్చును. కాని బీరువాలో పెట్టిన వస్తువు కావలసిన వేళ చేతికి దొరకకపోయినచో అది భద్రముగా ఉన్నట్లా, పోయినట్లా? వెయ్యి పాటలు దాచుట ఒక పని. ఆ వెయ్యిలో కావలసిన ఒక్క పాటను రెండు నిమిషములలో తీయగలుగుట మరియొక పని. ఈ రెండవ పనిని గూర్చియే మేము కొన్ని మాటలు మనవి చేయదలచినాము. ఇది పెద్ద పెద్ద గ్రంథాలయముల వారికి మాత్రమే చెందిన సంగతి కాదు. మన వాకిట నిలిచియున్న సంగతి.

మాట మరచిన పాట

ప్రతి సంఘములోను ఒక పెద్దమ్మ గారో, ఒక తాత గారో ఉందురు. వారికి ఒక పాత కీర్తన మెట్టు బాగుగా వచ్చును. పల్లవి మొదటి మాట మాత్రము నోటికి రాదు. "అదేనమ్మా, ఇట్లా సాగుతుంది" అని కూనిరాగము తీయుదురు. విన్నవారందరికి అది ఎక్కడనో విన్నట్లే ఉండును. పుస్తకము తెరచినచో ఏమి ప్రయోజనము? పుస్తకము వెనుకనున్న పట్టికలో పాటలు మొదటి అక్షరమును బట్టి అమర్చబడి ఉన్నవి. అక్షరము తెలియనివానికి ఆ పట్టిక మూసిన తలుపే.

దీనికి ఎదురు చిక్కు కూడ కలదు. పుస్తకములో మాటలు చక్కగా అచ్చై ఉన్నవి. ఆ కీర్తన ఎట్లు పాడవలెనో సంఘములో ఎవరికిని తెలియదు. ఒకప్పుడు తెలిసినవారు మన మధ్య లేరు. మాటలున్నవి, మెట్టు పోయినది.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కీర్తనల పైన రాగము పేరు, తాళము పేరు అచ్చు వేసిన సంగతి మీకందరికి తెలిసినదే. పురుషోత్తమ చౌదరి గారి వంటి 19వ శతాబ్దపు కవులు మన సంగీత సంప్రదాయములోనే కీర్తనలు కట్టినారు గనుక ఆ శీర్షికలు ఎంతయు సహజము. అయితే రాగము పేరు చెప్పినంత మాత్రమున మెట్టు చెప్పినట్లు కాదు. రాగము ఊరి పేరు వంటిది. తాళము వీధి పేరు వంటిది. మెట్టు ఇంటి నంబరు. ఊరు, వీధి చెప్పి ఇంటి నంబరు చెప్పకపోయినచో ఉత్తరములు పంచువాడు గుమ్మము గుమ్మము తిరుగవలసినదే.

ఒక ఉదాహరణ చూడుడి. 72 మేళకర్తలలో 29వది ధీర శంకరాభరణము. పాశ్చాత్యులు మేజర్ స్కేలు అని పిలుచు స్వరముల వరుస దాదాపు ఇదియే. కాబట్టి ఇంగ్లీషువారి కీర్తనలలో ఎన్నో మెట్లను, మన తెలుగు కీర్తనలలో ఎన్నింటినో శంకరాభరణము అను ఒక్క చీటీ క్రింద పెట్టవచ్చును. అంత పెద్ద గంపలో ఒక్క పాట దొరుకుట కష్టము.

ముత్తుస్వామి దీక్షితులవారు (1775-1835) ఇంగ్లీషు బ్యాండు వాద్యముల మెట్లను విని, వాటికి సంస్కృత సాహిత్యము కూర్చి నోటు స్వర సాహిత్యములను రచించినారు. అందులో "సంతతం పాహి మాం" అను దాని మెట్టు బ్రిటిషు రాజ గీతపు మెట్టే. ఇప్పుడు ఆలోచించుడి. ఒక గ్రంథాలయములో ఈ రెండు పాటలు రెండు అరలలో ఉన్నవి. ఒకటి సంస్కృతము, రెండవది ఇంగ్లీషు. కర్తలు వేరు, పేర్లు వేరు, భాషలు వేరు. అక్షరముల పట్టిక ఎంత చక్కగా వ్రాసినను ఆ రెండును ఒకటేనని చెప్పలేదు. చెవి మాత్రము ఒక్క క్షణములో చెప్పును. చెవి చేయు ఈ పనిని పట్టిక చేత చేయించుట ఎట్లు? దీని మీద ఎందరో పండితులు కష్టపడినారు.

మాటకు, మెట్టుకు వేరు వేరు చరిత్రలు

పాట అనునది ఒక్క వస్తువు అని మనము తలంచుదుము. నిజమునకు మాట ఒకటి, మెట్టు ఒకటి. రెంటికిని వేరు వేరు జన్మములు ఉండవచ్చును.

"అమేజింగ్ గ్రేస్" అను ఇంగ్లీషు కీర్తన మాటలను జాన్ న్యూటన్ గారు వ్రాయగా 1779లో అచ్చైనవి. నేడు లోకమంతట పాడుచున్న మెట్టు వాటికి అప్పుడు లేదు. "న్యూ బ్రిటన్" అను ఆ మెట్టును ఆ మాటలతో జతపరచి విలియం వాకర్ గారు తన పాటల పుస్తకములో అచ్చు వేసినది 1835లో. అనగా 56 సంవత్సరములు గడిచిన తరువాత. అట్లే "ఓల్డ్ హండ్రెడ్త్" అను ప్రసిద్ధమైన మెట్టు 1551లో జెనీవాలో 134వ కీర్తనకు అచ్చైనది. తరువాత ఇంగ్లీషువారు దానిని 100వ కీర్తనకు పాడుకొన్నందున దానికి ఆ పేరు నిలిచినది.

ఈ కారణము చేతనే ఇంగ్లీషు కీర్తనల పుస్తకములలో మూడు పట్టికలు కనిపించును. ఒకటి మొదటి పాదముల పట్టిక. రెండవది మెట్ల పేర్ల పట్టిక. మూడవది పాదములోని అక్షరముల లెక్కను బట్టి వ్రాసిన పట్టిక. 8, 6, 8, 6 అని ఉన్నచో దానిని కామన్ మీటరు అందురు. నాలుగు పాదములును 8 అయినచో లాంగ్ మీటరు. ఒకే లెక్క గల ఏ మాటలనైనను, ఆ లెక్క గల ఏ మెట్టుకైనను పాడుకొనవచ్చును. మెట్టు తెలియని కీర్తనకు తెలిసిన మెట్టును అరువు ఇచ్చుటకు ఇది ఎంతో ఉపకారము.

మన తెలుగువారికి కూడ ఈ అలవాటు కొత్త కాదు. పాత పాటల పుస్తకములు తీసి చూచినచో పాట పైన "ఫలానా పాట మెట్టు" అనియో, "ఫలానా వరుస" అనియో ఉండును. అయితే ఆ ఫలానా పాట తెలిసినవాడు ఉన్నంత కాలమే ఆ గుర్తు పనికి వచ్చును. ఆ మొదటి పాట మరుగున పడినప్పుడు దానిని ఆనుకొన్న పాటలన్నియు మూగవగును.

మెట్టుకు అక్షరక్రమము

మాటలకు నిఘంటువు ఉన్నట్లు మెట్లకు నిఘంటువు ఉండకూడదా అని ఆలోచించినవారిలో హెరాల్డ్ బార్లో, శామ్ మార్గెన్‌స్టర్న్ అను ఇద్దరు అమెరికా దేశస్థులు ముఖ్యులు. 1948లో వారు సుమారు 10,000 సంగీత ఖండికలతో ఒక నిఘంటువు ప్రకటించినారు. అన్నింటిని ఒకే శ్రుతిలోనికి మార్చి, స్వరముల పేర్లు వరుసగా వ్రాసి, వాటిని అక్షరక్రమములో అమర్చినారు. మెట్టు స్వరములు చెప్పగలవాడు ఆ నిఘంటువులో వెదకి పాట పేరు తెలిసికొనవచ్చును.

కాని స్వరములు చెప్పగలవారు ఎందరు? మనలో చాలమందికి పాడుట వచ్చును గాని, పాడినది "గ" యా "మ" యా అని అడిగినచో తెల్లబోవుదుము. ఈ సామాన్యుని కొరకు 1975లో ఇంగ్లండులో డెనిస్ పార్సన్స్ గారు ఒక సులువైన ఉపాయముతో పుస్తకము ప్రకటించినారు. స్వరము పేరు అక్కరలేదు. మొదటి స్వరము తరువాత వచ్చినది దాని కంటె పైకి ఎక్కినదా, క్రిందికి దిగినదా, లేక ఉన్నచోటనే ఉన్నదా అని మాత్రము చెప్పవలెను. ఎక్కినచో ఒక అక్షరము, దిగినచో ఒక అక్షరము, నిలిచినచో ఒక అక్షరము. మూడే అక్షరములు.

దీనిని మన భాషలో ఎట్లు వ్రాయవచ్చునో చూపించుదుము. ఎక్కినదానికి "ఎ", దిగినదానికి "ది", ఉన్నచోటనే ఉన్నదానికి "ఉ" అని పెట్టుకొందము. ఒక పాట "స రి గ గ రి స స" అని ఆరంభమగుననుకొనుడి. మొదటి "స" కు గుర్తు అక్కరలేదు. స నుండి రి కి ఎక్కినది, ఎ. రి నుండి గ కి ఎక్కినది, ఎ. మరల గ యే, ఉ. రి కి దిగినది, ది. స కు దిగినది, ది. మరల స యే, ఉ. కాబట్టి ఆ పాట గుర్తు "ఎ ఎ ఉ ది ది ఉ". పాడినవారు హెచ్చు శ్రుతిలో పాడినను, తగ్గు శ్రుతిలో పాడినను, పురుషుడు పాడినను, బాలిక పాడినను ఈ గుర్తు మారదు. అదియే దీని గొప్ప.

మూడే అక్షరములతో ఎన్ని పాటలు వేరుపరచగలము అను సందేహము రావచ్చును. లెక్క వేసి చూడుడి. ఒక్కొక్క అడుగునకు మూడు దారులు. 10 అడుగులకు 59,049 దారులు. 15 అడుగులకు 1 కోటి 43 లక్షలకు పైగా. పాటలు ఈ దారులన్నింటిలో సమానముగా పరచుకొని ఉండవు, కొన్ని దారులలో రద్దీ ఎక్కువ. అయినను ఒక సంఘపు పాటలను వేరుపరచుటకు ఈ మూడు అక్షరములు చాలును.

ఒక లోపము కూడ చెప్పవలెను. "స రి గ" అన్నను, "స గ ప" అన్నను గుర్తు "ఎ ఎ" యే. ఎంత ఎత్తు ఎక్కినదో ఈ గుర్తు చెప్పదు. ఆ వివరము కావలసినవారు స్వరములకు అంకెలు వేయుదురు. స కు 1, రి కి 2, గ కు 3 అని. మన ఉదాహరణ అప్పుడు 1 2 3 3 2 1 1 అగును. ఇల్లినాయి విశ్వవిద్యాలయములో నికొలస్ టెంపర్లీ గారు ఇటువంటి అంకెల పద్ధతితోనే 1535 నుండి 1820 వరకు అచ్చైన ఇంగ్లీషు కీర్తనల మెట్లనన్నింటిని లెక్కించి, 1998లో నాలుగు సంపుటములుగా ప్రకటించినారు. ఒకే మెట్టు వేరు వేరు పేర్లతో ఏ ఏ పుస్తకములలో, ఏ ఏ మాటలతో వచ్చినదో అందులో కనిపించును. జనాభా లెక్కలలో మనుష్యులను లెక్కించినట్లు ఆయన మెట్లను లెక్కించినారు. కీర్తనల మీద ప్రేమ గల ఒక పండితుడు ఓపికతో చేసిన సేవ ఇది.

యంత్రము వినుట

ఇప్పుడు యంత్రముల సంగతికి వత్తుము. మన పిల్లల చేతులలోని ఫోనులు పాట విని పేరు చెప్పుచున్నవి. ఇది మాయ కాదు. దీని వెనుకనున్నది రెండు వేరు వేరు పద్ధతులు. ఆ రెంటికి గల తేడా తెలిసికొనుట అవసరము.

మొదటిది కూనిరాగమును బట్టి వెదకుట. మనము పాడునప్పుడు గాలి సెకనుకు ఇన్ని సార్లని కంపించును. ఒకరి "స" సెకనుకు 240 కంపనములైనచో, వారి "ప" 360, పై "స" 480. వేరొకరి "స" 160 అయినచో "ప" 240. సంఖ్యలు వేరు, నిష్పత్తి ఒక్కటే. యంత్రము ఈ కంపనములను లెక్కించి, ఎక్కినదో దిగినదో తెలిసికొని, గుర్తు వ్రాసికొనును. 1995లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయములో నలుగురు పరిశోధకులు 183 పాటలతో ఇట్టి యంత్రమును చేసి చూపినారు. వారు వాడినదియు ఆ మూడు అక్షరముల పద్ధతియే. మరుసటి సంవత్సరము న్యూజిలాండులోని వైకాటో విశ్వవిద్యాలయమువారు సుమారు 9,400 జానపద గీతములపై ఇట్టి ప్రయత్నము ప్రకటించినారు.

పాడువాడు తప్పు పాడినచో యంత్రము ఏమి చేయును? మన ఉదాహరణలో "గ" రెండు సార్లు ఉన్నది. మరచి ఒక్కసారే పాడినచో గుర్తు "ఎ ఎ ది ది ఉ" అగును. అసలు గుర్తుతో పోల్చినచో ఒక్క అక్షరము తక్కువ. ఎన్ని అక్షరములు కలిపినచో, తీసినచో, మార్చినచో ఒక గుర్తు మరియొక గుర్తు అగునో యంత్రము లెక్కించి, తక్కువ మార్పులతో కలియు పాటలను ముందుగా చూపును. మనిషి చెవి కూడ ఇంచుమించు ఇట్లే క్షమించును గదా.

రెండవది వేలిముద్రల పద్ధతి. షాజాం అను సంస్థ 1999లో ఏర్పడి, 2002లో బ్రిటనులో పని ఆరంభించినది. అప్పట్లో 2580 అను నంబరుకు ఫోను చేసి, పాట వచ్చుచున్న చోట ఫోనును పట్టుకొన్నచో, పాట పేరు సందేశముగా వచ్చెడిది. ఈ పద్ధతిని కనిపెట్టిన ఎవరీ వాంగ్ గారు 2003లో దానిని వివరించినారు. యంత్రము ధ్వనిని ఒక పటముగా గీయును. అందులో మిక్కిలి గట్టిగా మ్రోగిన చోట్లను ఆకాశములోని నక్షత్రములవలె గుర్తించును. ఏ నక్షత్రమునకు ఏ నక్షత్రము ఎంత దూరములో ఉన్నదో జతలు జతలుగా వ్రాసికొనును. బజారు సందడిలో కొన్ని నక్షత్రములు కనబడకపోయినను, మిగిలిన వాటితో ఆకారము తెలియును.

అయితే గమనించవలసిన సంగతి ఏమనగా, వేలిముద్ర ఒక మనిషిని పట్టించును గాని అతని అన్నదమ్ముని పట్టించదు. అట్లే ఈ పద్ధతి ఒక రికార్డును గుర్తించును గాని ఆ పాటను కాదు. అదే కీర్తనను మన గాన బృందము పాడినచో, అది యంత్రమునకు తెలియని కొత్త ధ్వని. కూనిరాగమును గుర్తించు సదుపాయమును గూగుల్ సంస్థవారు 2020 అక్టోబరులో తమ వెదకు యంత్రములో చేర్చినారు. అది మొదటి రకము పనికి చెందినది.

ఈ రెంటికిని ఒకే హద్దు. తన కొట్టులో ఉన్నదానినే యంత్రము తీసి ఇయ్యగలదు. లోకములోని ప్రసిద్ధ గీతములు అందులో ఉన్నవి. మన పల్లె సంఘములో మూడు తరములుగా పాడుచున్న మెట్టు ఎవరును ఎక్కించనిదే అందులోనికి పోదు. దానిని కూనిరాగము తీసి అడిగినచో యంత్రము దానికి దగ్గరగా తోచిన మరియొక పాటను చూపి ఊరకుండును.

మన గమకముల చిక్కు

పాశ్చాత్య సంగీతములో స్వరము మెట్ల మీద అడుగు వేసినట్లు నడచును. మన సంగీతములో స్వరము ఊగును, జారును, కంపించును. ఒక్క "గ" పాడుటలోనే గొంతు పైకి క్రిందికి పలుమార్లు పోవును. యంత్రము ఆ ఊపునంతటిని ఎక్కుట, దిగుట అని లెక్కించినచో గుర్తు తప్పుడుతడకలగును. పైగా మనకు స్థిరమైన శ్రుతి లేదు. ఎవరి "స" ఎక్కడ ఉన్నదో ముందు కనుగొనిన గాని తక్కినది తెలియదు.

ఈ చిక్కులనే అంశముగా తీసికొని స్పెయిను దేశములోని బార్సిలోనాలో పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయమువారు 2011 నుండి 2017 వరకు ఒక పెద్ద పరిశోధన నడిపినారు. జేవియర్ సెర్రా గారు దానికి నాయకులు. కర్ణాటక, హిందుస్థానీ సంగీతములు, టర్కీ, చైనా మొదలైన దేశముల సంగీతములు అందులో చేరినవి. మద్రాసు ఐ.ఐ.టి. వారును సహకరించినారు. రికార్డు విని గాయకుని "స" ఎక్కడ ఉన్నదో కనుగొనుట, ఏ స్వరము మీద గొంతు ఎంత సేపు నిలిచినదో లెక్కించి రాగమును ఊహించుట వంటి పనులు అందులో జరిగినవి. పాశ్చాత్య సంగీతమునకు కుట్టిన చొక్కా మన సంగీతమునకు సరిపడదని, కొలతలు వేరుగా తీయవలెనని ఈ పరిశోధన వలన స్పష్టమైనది.

మనవంటి సామాన్యులు గుర్తు వ్రాయునప్పుడు గమకములను విడిచిపెట్టవలెను. మాటలోని ప్రతి అక్షరమునకు గొంతు చివరకు ఎక్కడ నిలుచునో దానినే తీసికొనవలెను. సంఘమంతయు కలిసి పాడునప్పుడు నిలుచు స్వరములు అవియే గదా.

ఇక మనము చేయదగిన పని

ఫిలిప్స్ కంపెనీవారు 1963లో కాసెట్టును తెచ్చినారు. తరువాతి దశాబ్దములలో మన ఇండ్లలోనికి టేపు రికార్డరులు వచ్చినవి. కన్వెన్షనుల పాటలు, క్రిస్మస్ పాటలు, పెండ్లి పాటలు ఎన్నో వాటిలో నిలిచియున్నవి. వాటిలో పాడినవారిలో అనేకులు నేడు ప్రభువునందు నిద్రించుచున్నారు. ఆ టేపులు బూజు పట్టుచున్నవి. ఒకదానికొకటి అంటుకొనుచున్నవి. టేపు బాగుగా ఉన్నను దానిని పాడించు యంత్రము, ఆ యంత్రమునకు విడి భాగములు, దానిని బాగుచేయువాడు దొరకుట అరుదైనది. 2019లో యునెస్కోవారు, ధ్వని గ్రంథాలయముల అంతర్జాతీయ సంఘమువారు కలిసి ఈ అపాయమును గూర్చి లోకమును హెచ్చరించినారు. 2025 తరువాత టేపులను పాడించుట మిక్కిలి కష్టమగునని అప్పుడే చెప్పినారు. ఆ గడువును మనము దాటి వచ్చినాము. కాబట్టి మిగిలిన కాలము చాల తక్కువ.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అను దొర కలకత్తా వచ్చి మన దేశపు సంగీతమును మొదటిసారి రికార్డు చేసినప్పుడు గౌహర్ జాన్ అను గాయని పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పినది. రికార్డులు అచ్చు వేయునది జర్మనీలోని హనోవరులో. అక్కడివారికి మన భాష రాదు. ఏ రికార్డు ఎవరిదో తెలియుటకు అది ఉపాయము. చూచినారా, చీటీ ఊడిపోవచ్చును, డబ్బా మారిపోవచ్చును, పాటలోనే ఉన్న పేరు మాత్రము పోదు. మనము కూడ ఈ ఉపాయమును అనుసరింతము. ఏ పాట రికార్డు చేసినను పాటకు ముందు పాడువారి పేరు, ఊరు, తేది, ఆ మెట్టును ఎవరి వద్ద నేర్చుకొన్నారో ఆ సంగతి నోటితో చెప్పించవలెను.

మేము మా గాన బృందములో అనుసరించుచున్న పద్ధతిని క్లుప్తముగా మీ ముందు ఉంచుచున్నాము. ఒక గీతల రిజిస్టరు చాలును. ఒక్కొక్క మెట్టుకు ఒక వరుస. అందులో పుస్తకములోని పాట నంబరు, పల్లవి మొదటి మాట, రాగము, తాళము, మెట్టు గుర్తు, పాడినవారు, ఊరు, సంవత్సరము, టేపు లేక ఫైలు నంబరు వ్రాయుచున్నాము. మెట్టు గుర్తు పల్లవి మొదటి 12 అడుగులకు చాలును. తరువాత ఆ గుర్తులను విడి చీటీల మీద వ్రాసి, "ఉ" తో మొదలగునవి ఒక కట్ట, "ఎ" తో మొదలగునవి ఒక కట్ట, "ది" తో మొదలగునవి ఒక కట్టగా అమర్చి, ఒక్కొక్క కట్టను మరల రెండవ అక్షరమును బట్టి, మూడవ అక్షరమును బట్టి పేర్చుచున్నాము. ఎవరైనను కూనిరాగము తీసినచో వ్రేళ్ల మీద ఎక్కు దిగు లెక్కించి కట్టలో చూచుటయే. రెండు మెట్లకు ఒకే గుర్తు వచ్చినప్పుడు తాళము పేరు చూచి వేరుపరచవచ్చును. సండే స్కూలు పిల్లలు ఈ పనిని ఆటవలె నేర్చుకొనుచున్నారు.

కొన్ని జాగ్రత్తలు కూడ చెప్పవలెను. ఒకే కీర్తనను రెండు ఊళ్లవారు రెండు విధములుగా పాడినచో ఇది సరి, అది తప్పు అని కొట్టివేయకూడదు. రెంటిని ఊరి పేరుతో వ్రాయవలెను. మెట్టు ఊరూరికి మారుటలో కూడ చరిత్ర కలదు. పాడినవారి అనుమతి లేనిదే వారి గొంతును బయట పంచరాదు. రికార్డులకు కనీసము మూడు ప్రతులుండవలెను. అవి ఒకే ఇంటిలో కాక వేరు వేరు చోట్ల ఉండవలెను. టేపును కంప్యూటరులోనికి ఎక్కించునప్పుడు మొదటి ప్రతిని కుదించకుండ పూర్తిగా ఎక్కించి, వినుటకు చిన్న ప్రతిని వేరుగా చేసికొనవలెను.

యంత్రములున్నవి గదా, ఈ చీటీల శ్రమ ఎందుకని యౌవనస్థులు అడుగవచ్చును. యంత్రములు వద్దని మేము అనుట లేదు. రేపు మన రికార్డులన్నింటిని వినగల యంత్రము వచ్చినచో సంతోషముతో దాని చేత పెట్టుదుము. కాని యంత్రము రికార్డును వెదకగలదే గాని, రికార్డు కాని పాటను వెదకలేదు. ఎవరి వద్ద ఏ మెట్టు ఉన్నదో, ఏ ఊరిలో ఏ అమ్మగారు ఏ పాటను ఎవరి వద్ద నేర్చినారో, అడిగి తెలిసికొనవలసినది మనమే. అది గుమ్మము ఎక్కి, చాప మీద కూర్చుండి, ఓపికతో వినవలసిన పని.

ఈ శతాబ్దిలో మన అధ్యక్ష మండలము కట్టిన దేవాలయములను, బడులను, ఆసుపత్రులను లెక్కించుచున్నాము. లెక్కించుట న్యాయమే. రాతి కట్టడము పాడైనచో కనబడును, మరమ్మతు చేయుదుము. మెట్టు పోయినచో చప్పుడు కాదు. తెలిసినవారు చివరిసారి పాడిన దినమున అది చివరిసారి అని ఎవరికిని తెలియదు. కాబట్టి ప్రతి సంఘము నుండి ఇద్దరు యౌవనస్థులు ఈ సంవత్సరములో తమ ఊరిలోని పెద్దలలో ఐదుగురి వద్దకు పోయి, పుస్తకములో మాటలుండి మెట్టు మరుగైన కీర్తనలలో వారికి వచ్చినవి ఏవో అడిగి, రికార్డు చేసి, గుర్తు వ్రాసి తెచ్చునట్లు పాస్టరేటు కమిటీలవారు ఏర్పాటు చేయవలెనని మేము వినయముతో కోరుచున్నాము. గుర్తు వ్రాయుట ఎట్లో నేర్పుటకు మా బృందములోనివారము ఏ సంఘమునకైనను వచ్చుటకు సిద్ధముగా ఉన్నాము.